గోడకు తగిలించిన సీటు

షెడ్డు,
జూన్ రెండోవారం

మరదలికి,

మూడు రోజుల నుంచి ముసురు. షెడ్డు ముందు గుంటలో నీళ్లు నిలిచాయి. లోపలికి రావాలంటే ఇటుకల మీద అడుగులు వెయ్యాలి. ఇవాళ ఒక జీపుకి క్లచ్ ప్లేటు మార్చారు, కోళ్ల వ్యానుకి బ్రేకులు బిగించారు, వానలో తడిసి ఆగిపోయిన ఒక కారుకి ప్లగ్గులు ఆరబెట్టి పంపారు. ముగ్గురిలో డబ్బిచ్చినవాడు ఆ కారాయన ఒక్కడే. ఆయన ఈ ఊరివాడు కాడు.

నువ్వు కూర్చునే బల్ల దగ్గర ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. కుట్టుమిషను ఇంట్లో మూతపెట్టి వచ్చాను. నువ్వు పెళ్లయి వెళ్లిన ఈ ఏడాదిలో మీ అన్నయ్య పనీ తనే చేసి, డబ్బూ తనే అడగాలంటే ఏం జరిగి ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. బండి కింద పడుకున్న మనిషికి కాళ్లే కదా బయట ఉండేవి. వచ్చినవాళ్లు ఆ కాళ్లతో "అన్నా, రేపిస్తా" అని చెప్పి బండెక్కి పోతున్నారు. కింద నుంచి "సరే" అని వినబడుతుంది. అంతే వసూలు.

పోనీ నేను వచ్చి ఏం పొడిచానంటే, అదీ లేదు. ఇందాక కోళ్ల వ్యానావిడ వస్తే "డబ్బులెప్పుడిస్తారండీ?" అన్నాను. "మీరు బట్టలు కుడతారటగా! మా అమ్మాయికి ఒక గౌను కుట్టిపెట్టండి, రెండూ కలిపి ఇచ్చేస్తాను" అంది. నేను కొలతలు కూడా తీసుకున్నాను. ఆవిడ వెళ్లాక జీపు కింద నుంచి నవ్వు. "వసూలుకి కూర్చోబెడితే బాకీ పెంచావే!" అన్నారు మీ అన్నయ్య.

కంకర టిప్పరాయన్ని నువ్వు రేపాయన అనేదానివి. ఇప్పుడాయన ఎల్లుండి అంటున్నాడు.

స్పేరు పార్టుల కొట్టాయన అరువు ఆపేశాడు. పాత బాకీ తీరిస్తే గానీ బోల్టు కూడా ఇవ్వనన్నాడు. అందుకని వచ్చినవాళ్లనే సామాను కొనుక్కు రమ్మంటున్నాం. సగం మంది ఆ మాట వినగానే పక్క వీధి షెడ్డుకి తిప్పుకుంటున్నారు.

నువ్వెలా రాబట్టేదానివో వివరంగా రాయి. మీ ఆయన్ని, లారీ అన్నయ్యగారిని అడిగానని చెప్పు. మీ అత్తగారికి నడుం నొప్పి తగ్గిందా?

వదిన


లారీల స్టాండు వెనక,
జూన్ నెలాఖరు

వదినకు,

నీ ఉత్తరం చదివి నవ్వాను, ఆ తర్వాత తల పట్టుకున్నాను. గౌను కుట్టేశావా? కుట్టి ఉంటే ఇవ్వకు. బ్రేకుల డబ్బులు వచ్చాకే గౌను.

నేను పెట్టిన సీట్ల పద్ధతి అన్నయ్య మానేశాడన్నమాట. నువ్వు రాయకపోయినా తెలుస్తూనే ఉంది. మళ్లీ మొదలుపెట్టు. బండి లోపలికి రాగానే పదమూడో నంబరు పానా తీసుకుని డ్రైవరు సీటు విప్పెయ్. నాలుగు బోల్టులే. గోడకి నేను కొట్టించిన కొక్కేలున్నాయి కదా, వాటికి తగిలించు. అప్పటిదాకా అన్నయ్యని బానెట్ ఎత్తనివ్వకు. తాళాలు పుచ్చుకుంటే వాళ్ల దగ్గర ఇంకో తాళం ఉంటుంది. చక్రం విప్పుకుంటే మనకే కాళ్లకి అడ్డం. సీటు లేని బండిని మాత్రం ఎవడూ తోలుకుపోడు. తోలలేక కాదు, పీట వేసుకుని తోలొచ్చు. కానీ వీధిలో నలుగురూ చూస్తారు. డబ్బు ఎగ్గొట్టడానికి సిగ్గుపడనివాడు కూడా పీట మీద కూర్చుని బండి తోలడానికి సిగ్గుపడతాడు. ఎందుకని నన్నడగకు.

"అందరూ తెలిసినవాళ్లే కదా" అంటాడు అన్నయ్య. వినకు. దారినపోయేవాడు ఎగ్గొట్టడు, చూశావుగా నీ కారాయన్ని. తెలిసినవాళ్లతోనే తంటా. చుట్టమైనా సీటు సీటే.

విప్పిన పాత సామాను పారెయ్యకండి. సంచీలో వేసి బండాయన ఒళ్లో పెట్టాలి. అరిగిన ప్లేటు కళ్లారా చూస్తే దేనికిస్తున్నాడో తెలిసి ఇస్తాడు.

ఇక "ఎప్పుడిస్తారు" అని జన్మలో అడగకు. అలా అడిగితే రేపనక ఏమంటారు? అడిగి తీరాలనిపిస్తే "ఎంత తెచ్చారు" అను. అంతకన్నా మంచిది, అసలేమీ అనకపోవడం. పాత సామాను ముందు పెట్టి, ఏ పని చేశారో చెప్పి, ఊరుకో. బాకీ సంగతి వాళ్ల నోటితోనే రానివ్వు. మనం ఎత్తితే బేరం మొదలవుతుంది. వాళ్లే ఎత్తితే దానికి కట్టుబడతారు. అన్నిటికన్నా ఇదే కష్టం, నోరు మూసుకుని కూర్చోవడం. నీకది బాగానే వచ్చులే.

ఆ బల్ల దగ్గర కూర్చున్నన్నాళ్లూ బేరమాడకుండా డబ్బు కట్టిన మనిషిని ఒక్కరినే చూశాను. ఎవరో నీకు తెలుసు, తర్వాత నన్ను చేసుకున్నాయనే. ఇంజను మొత్తం దించి చేసిన పని, అంత బిల్లు. ఆ రోజు నేను పంటి నొప్పితో ఇంట్లో పడుకున్నాను. మర్నాడు వచ్చేసరికి లారీ లేదు, కొక్కేనికి సీటూ లేదు. "మొత్తం ఇచ్చేసి వెళ్లాడు, ఒక్క మాట కూడా అనలేదు" అన్నాడు అన్నయ్య. అప్పుడే అనుకున్నాను, ఈయనెవరో సరిగ్గా చూడాలని. ఈ కథ మా అత్తగారికీ, ఇరుగుపొరుగుకీ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నిన్న నీ ఉత్తరం వచ్చిందని మళ్లీ చెప్పాను. ఆయన తలొంచుకుని భోంచేస్తున్నారు. పొగిడితే ఆయనకి మొహమాటం.

అత్తగారి నడుం అలాగే ఉంది. పీట మీద కూర్చోలేరు, నేల మీదా కూర్చోలేరు.

నీ మరదలు


షెడ్డు,
జూలై నెలాఖరు

మరదలికి,

వాన తగ్గింది గానీ నేల ఇంకా ఆరలేదు. నిన్న రెండు గేరు బాక్సులు దించారు. ఇవాళ ఎక్కిస్తున్నారు.

నీ పద్ధతి పనిచేస్తోంది. మొదటిరోజు బోల్టు తిప్పడం చేతకాక చెయ్యి గీరుకుపోయింది. ఇప్పుడు బండాయన దిగి సిగరెట్టు వెలిగించేలోపు సీటు గోడ మీద ఉంటోంది. కోళ్ల వ్యానావిడ బ్రేకుల డబ్బులిచ్చి గౌను పట్టుకెళ్లింది. గౌను డబ్బులు రాలేదు. గౌనుకి సీటేముంది విప్పడానికి?

రేపాయన సంగతి చెప్పాలి. టిప్పరుకి ఆయిలు కారుతోందని వచ్చాడు. సీటు విప్పాను. "అమ్మా, నేను పరాయివాణ్ణా?" అన్నాడు. నేను సీటు తీసుకెళ్లి గోడకి తగిలించాను. పనయ్యాక ఖాళీ నూనె డబ్బా ఒకటి వెతుక్కుని, దానిమీద కూర్చుని పోనిచ్చాడు. పోనీలే అని మీ అన్నయ్య నా వైపు చూశారు. నేను చెయ్యి కూడా ఎత్తలేదు. మలుపు దాకా వెళ్లాడో లేదో, టీకొట్టు దగ్గర డ్రైవర్లందరూ లేచి నిలబడ్డారట. "ఏం గురూ, ఇవాళ గద్దె దిగిపోయావే! డబ్బా లోపలేముంది, కంకరేనా?" అని ఒకడు. "డబ్బా జాగ్రత్త, అరువు మీద తెచ్చి ఉంటాడు" అని ఇంకొకడు. టీ చల్లారేలోపే వెనక్కి వచ్చాడు. పాతదీ కొత్తదీ కలిపి కట్టాడు. సీటు నేనే బిగించి ఇచ్చాను.

ఇంకో సంగతి. కప్పు కారి అటక మీద సామాను తడుస్తుంటే కిందకి దింపించాను. పాత సైలెన్సర్ల వెనకాల గోనె చుట్టి ఒక డ్రైవరు సీటు ఉంది. నీలం రెక్సిను. ఎడమ అంచున జానెడు చిరుగు, పసుపు దారంతో కుట్టి ఉంది. నాలుగు బోల్టులూ గుడ్డలో మూటకట్టి సీటుకే కట్టారు. పారేసే సీటుకి బోల్టులు ఎవరూ దాచరు కదా. ఏ బండిదని మీ అన్నయ్యని అడిగాను. "పాతదిలే, ఉండనీ" అంటూనే గేరు బాక్సు బిగించడం అయిపోయిన బండి కిందకి మళ్లీ దూరారు.

దులిపి చివరి కొక్కేనికి తగిలించాను. ఎవరైనా గుర్తుపడతారేమో చూడాలి. నీకేమైనా గుర్తొస్తోందా?

వదిన


లారీల స్టాండు వెనక,
ఆగస్టు మొదటివారం

వదినకు,

ఇక్కడ ఎండలు మళ్లీ వచ్చాయి. ఆయన లోడుతో వెళ్లారు, శనివారం దాకా రారు.

నీలం అన్నావు. ముదురా, లేతా? కుట్టు చివర దారం రెండుసార్లు వెనక్కి తిప్పి ముడి వేసి ఉందా? చూసి ఒక్క ముక్క రాయి. నేను అడిగానని అన్నయ్యకి చెప్పకు.

మా లారీకి ఇప్పుడున్నది ఆకుపచ్చ సీటు. పెళ్లయిన కొత్తల్లో అడిగితే నీలం సీటు పాడైపోయింది, పారేశానన్నారు.

మరదలు


షెడ్డు,
ఆగస్టు రెండోవారం

మరదలికి,

ముదురు నీలం. రెండుసార్లు వెనక్కి తిప్పి ఉంది.

నీకు ముందే రాయాల్సిన మాట ఒకటుంది. ఇన్నాళ్లూ రాయలేదు. బస్సుల కంపెనీ వాళ్ల వర్క్‌షాపులో మీ అన్నయ్యని నెలజీతానికి రమ్మంటున్నారు. వచ్చేనెల మొదట్లో జవాబు చెప్పాలి. షెడ్డుని పక్క వీధి షెడ్డాయన తీసుకుంటానన్నాడు. పైకప్పు రేకులకి, కంప్రెసరుకి ఎంతిస్తాడో కూడా చెప్పి వెళ్లాడు. నీ కొక్కేలు పీకేస్తాడట, అవి దేనికో ఆయనకి అర్థం కాలేదు.

మీ అన్నయ్య అవుననలేదు, కాదనలేదు. నిన్న మధ్యాహ్నం పానాలన్నీ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, నంబర్ల వరసన పెట్టెలో సర్దారు. రోజూ వాడుకునేవాళ్లు అలా సర్దరు. నేను చూస్తున్నానని తెలిసి ఒకటి బయటికి తీసి దేనికో బిగించారు.

చిల్లర బాకీలు చాలావరకు వచ్చాయి. అవి అద్దెకీ కరెంటుకీ సరిపోయాయి. కొట్టాయన బాకీ ఒక్కటే మిగిలింది. అది తీరితే మళ్లీ సామాను ఇస్తానన్నాడు, సామాను ఉంటే షెడ్డు నడుస్తుంది. రావాల్సినదాంట్లో పెద్దది ఇంకొకటుందని మీ అన్నయ్య నోరు జారారు. ఎవరిదని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

నీలం సీటు చివరి కొక్కేనికే ఉంది.

వదిన


లారీల స్టాండు వెనక,
ఆగస్టు నెలాఖరు

వదినకు,

ఆయన ఇంకో లోడుకెళ్లి శనివారం వచ్చారు. స్నానానికి వెళ్లగానే నేను లారీ ఎక్కి ఆకుపచ్చ సీటు విప్పేశాను. పుట్టింటి నుంచి నేను అడిగి తెచ్చుకున్నది ఆ పదమూడో నంబరు పానా ఒక్కటే, ఇన్నాళ్లకి పనికొచ్చింది. సీటు మోసుకొచ్చి వంటింటి గుమ్మం పక్కన పెట్టాను. ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి చూశారు. నేనేమీ అనలేదు. వడ్డించాను. సగం భోజనం అయ్యాక ఆయనే మొదలుపెట్టారు.

"మీ వదిన రాసిందా?" అన్నారు. నేను మజ్జిగ పోశాను.

"అప్పుడు నిజంగానే డబ్బుల్లేవు. లోడు ఆసామి ఆపేశాడు. నేనే సీటు వదిలి వెళ్తానన్నాను. పాత ఇనుము కొట్లో ఈ ఆకుపచ్చది కొని బిగించుకున్నాను. రెండు ట్రిప్పులు తోలి కట్టేద్దామనుకున్నాను. ఈలోగా మీ అన్న సంబంధం మాట్లాడటానికి వచ్చాడు. డబ్బు సంగతి ఎత్తబోతే, ఇంక అదెందుకు బావా, వదిలెయ్ అన్నాడు."

"వదిలెయ్ అంటే వదిలేశారా?"

"వదిలేశాను."

"నాతో మొత్తం కట్టారని చెప్పింది వాడు. మీరు?"

"నేను కట్టానని చెప్పలేదు."

అది నిజమే. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నేను చెప్తుంటే విన్నారు, అంతే. ఏడాదిగా వచ్చినవాళ్లందరికీ చెప్తున్నాను, ఆయన పక్కనే కూర్చుని భోంచేస్తున్నారు. "ఒక్కసారైనా చెయ్యి ఆగలేదా?" అన్నాను. "ఆగేది. నువ్వు చూడలేదు" అన్నారు.

ఆయన చెడ్డవారని రాయడం లేదు వదినా. బేరమాడని మనిషి అనుకుని చేసుకున్నాను. బేరం దాకా కూడా రాని మనిషి అని తెలిసింది. ఇక అన్నయ్య. బండి కింద నుంచి "సరే" అనడం వాడికి అలవాటు కదా, నా పెళ్లి కూడా అలాగే చేశాడు. వాడితో నేను తర్వాత మాట్లాడతాను, ఇప్పుడు కాదు.

రెండు లోడ్లు వేరేవాళ్లకి పోయాయి. స్టాండులో అందరికీ తెలిసిపోయింది. ఒకాయన వచ్చి "చెల్లెమ్మా, సీటు ఇచ్చెయ్యమ్మా, మగాడి పరువు" అన్నాడు. "పరువు ఎక్కడ వదిలారో అక్కడికెళ్లి తెచ్చుకోమనండి" అన్నాను. మా అత్తగారు నన్నేమంటారో అనుకున్నాను. ఆవిడ ఆ సీటు మీద కూర్చుని కూరలు తరుగుతున్నారు. నడుం పట్టెయ్యడం లేదట. "వాళ్ల నాన్నా ఇంతే, ఎవరైనా వద్దంటే చాలు మానేసేవాడు" అన్నారు.

లారీకి కొత్త బాడీ కట్టించాలని దాచిన డబ్బు ఉంది. ఆయనే తీశారు. మొత్తానికి కాస్త తగ్గుతుంది. కొత్త నెల పుట్టగానే మంగళవారం బయల్దేరతారు, సీటు బిగించి పంపుతాను. నేను రాను. వస్తే నా మొహం చూసి అన్నయ్య మళ్లీ వద్దంటాడు. నువ్వు అక్కడుండు. చుట్టమని చూడకు.

ఒక్కటడుగుతాను. నల్లదారం అయిపోయి పసుపుది వేశానని ఆ సీటు కుట్టిన రోజు నువ్వే నాతో అన్నావు. నీ కుట్టు నీకు తెలియదా? "నీకేమైనా గుర్తొస్తోందా" అని నన్నడుగుతావా?

మరదలు


షెడ్డు,
సెప్టెంబరు మొదటివారం

మరదలికి,

ముసురు లేదు. పొద్దున్నే చిన్న జల్లు పడి రేకులు తడుస్తున్నాయి. ఎండెక్కేసరికి ఆరిపోతున్నాయి. ఇవాళ ఒక ట్రాక్టరు ఇంజను దించారు.

లారీ మంగళవారం సాయంత్రం వచ్చింది. చప్పుడు విని గుర్తుపట్టి మీ అన్నయ్య జీపు కిందకి వెళ్లిపోయారు. "బావా, బాగున్నావా?" అని కింద నుంచే పలకరించారు. లారీ అన్నయ్యగారు గొంతుక్కూర్చుని ఆ కాళ్లతో అన్నారు: "బయటికి రా. రేపిస్తానని చెప్పడానికి రాలేదు."

"ఎందుకు బావా ఇప్పుడివన్నీ..."

"నీ చెల్లెలు నా సీటు విప్పింది."

కింద పానా నేల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత మీ అన్నయ్య బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నారు. గుడ్డ నలుపెక్కిపోయినా తుడుస్తూనే ఉన్నారు. నేను చివరి కొక్కేనికున్న నీలం సీటు దించి బల్ల మీద పెట్టి కూర్చున్నాను. అన్నయ్యగారు మొత్తం ఎంతో తనే చెప్పారు, జేబులోంచి తీసి సీటు మీద పెట్టారు. తగ్గినదెంతో కూడా తనే చెప్పారు. "చాలు బావా, ఆ కాస్తా వదిలెయ్" అన్నారు మీ అన్నయ్య. నేను పానా అందుకున్నాను.

నీలం సీటు బిగించాక, మిగతాదానికి ఆకుపచ్చది ఉంచుకోమన్నారు అన్నయ్యగారు. పాత ఇనుము కొట్టు సీటు కోసం ఎవరూ తిరిగి రారని చెప్పాను. అది మీ అత్తగారి నడుముకి పనికొస్తుందని లారీలో వెనక వేయించాను. అటుపక్కకి వెళ్లి డ్రైవరు పక్కన ఎడమవైపు సీటు విప్పాను. "చుట్టం కదే!" అన్నారు మీ అన్నయ్య. "మీ చెల్లెలే రాసింది" అన్నాను. చివరి బోల్టు తుప్పు పట్టి రాకపోతే అన్నయ్యగారే పానా తీసుకుని విప్పారు. నాలుగూ గుడ్డలో మూటకట్టి సీటుకి కట్టి ఇచ్చారు.

నువ్వడిగినదానికి జవాబు: తెలుసు. అటక మీద నుంచి దించి గోనె విప్పగానే తెలుసు. నేనే రాసి ఉంటే నువ్వు ముందు నాతో పోట్లాడేదానివి, తర్వాత ఇద్దరిలో ఒకరిని వెనకేసుకొచ్చేదానివి. పాత సామాను ముందు పెట్టి, బాకీ సంగతి వాళ్ల నోటితోనే రానివ్వమన్నావు. అలాగే చేశాను.

బుధవారం పొద్దున్న నేను స్పేరు పార్టుల కొట్టుకి వెళ్లి పాత బాకీ కట్టి వచ్చాను. మీ అన్నయ్య బస్సుల కంపెనీకి వెళ్లి రానని చెప్పి వచ్చారు. వచ్చి పానాల పెట్టె బోర్లించి నేల మీద పోశారు. నీకు ఉత్తరం రాస్తానన్నారు. రెండుసార్లు కూర్చున్నారు, ఇంకా రాయలేదు.

లారీలో నువ్వు కూర్చునే సీటు చివరి కొక్కేనికి ఉంది. లారీ బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లింది. అన్నయ్యగారు ఒక్కరే వెళ్లారు.

వదిన